తుడవని పేరు

ఆ ఆదివారం పొద్దున్నే నోలీన్ ట్రాంటర్‌కు ఒళ్లు మండిపోయింది. కూతురు కెరిన్ తొమ్మిది కొట్టకముందే గడ్డిటోపీ పెట్టుకుని, చేతిలో బుట్టతో గుమ్మంలో ప్రత్యక్షమై, "అమ్మా, ఇవాళ మనిద్దరం హాయిగా షికారు తిరుగుదాం. కాఫీ తాగి, ఐస్‌క్రీమ్ తిని, ఇసుకలో కూచుందాం" అంది.

"ఎక్కడా?"

"ఇక్కడే. మన గ్యానెట్ పాయింట్‌లోనే."

"పుట్టి పెరిగిన ఊళ్లో నాకు షికారేమిటే? నేనేమన్నా ఇప్పుడే బస్సు దిగానా?"

"అబ్బ, ఒక్కరోజు నా మాట వినమ్మా."

గంట ప్రయాణం చేసి వచ్చిన పిల్ల కదా అని నోలీన్ చెప్పులు వేసుకుంది కానీ లోపల సణుగుడు ఆగలేదు. ఆవిడ సముద్రంలో ఈదక అప్పటికి పదిహేడు రోజులు. డెబ్బై నాలుగేళ్ల బతుకులో, కెరిన్‌ను కన్నప్పుడు తప్ప, ఇన్నాళ్లు ఒంటికి ఉప్పునీళ్లు తగలకుండా ఉన్నది లేదు. ఆ పదిహేడు రోజుల్లో ఆవిడ ఊళ్లో ఎవరితోనూ సౌమ్యంగా మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడాలి?

గ్యానెట్ పాయింట్ నోలీన్ చిన్నప్పుడు ఎవరికీ అక్కర్లేని ఊరు. ఉప్పుగాలికి తలుపు బందులు కూడా తుప్పుపట్టిపోతాయని సిడ్నీ జనం ఇటు చూసేవాళ్లే కాదు. నోలీన్ తండ్రి రైల్వేలో పట్టాలు బిగించేవాడు. సెలవుల్లో ఆయన తన చేతులతో రేకులు వేసి కట్టిన ఇంట్లోనే ఆమె ఇంకా ఉంటోంది. చుట్టుపక్కల రేకుల ఇళ్లన్నీ పోయి అద్దాల మేడలు లేచాయి. ఆ మేడల వాళ్లు కుక్కల్ని పసిపిల్లల బండ్లలో కూర్చోబెట్టి తోసుకుంటూ తిరుగుతారు. నాలుగు కాళ్లిచ్చిన దేవుడు ఏమనుకుంటాడో పాపం. నోలీన్ మొగుడు రెగ్, కూతురికి ఆరేళ్లప్పుడు, ఒక పడవనీ, జుట్టు కత్తిరించే ఒకావిడనీ వెంటబెట్టుకుని క్వీన్స్‌లాండ్ వెళ్లిపోయాడు. ఆ రోజు నోలీన్ ఏడవలేదు. కొలనుకు వెళ్లి అలసిపోయేదాకా ఈదింది. మర్నాడు బడి క్యాంటీన్‌లో పనికి చేరి ముప్ఫయ్యేళ్లు అక్కడే చేసింది.

కొలనంటే ఊరికి ఉత్తరం కొసన, కొండచరియ కింద, బండలు తొలిచి కట్టిన సముద్రపు కొలను. మూడు వైపులా గోడ, నాలుగో వైపు కొండ. పోటు వచ్చినప్పుడల్లా సముద్రమే గోడ దాటి వచ్చి నీళ్లు మార్చి పోతుంది. అందులోనే ఆమె ఊళ్లో సగంమంది పిల్లలకు దమ్మిడీ పుచ్చుకోకుండా ఈత నేర్పింది. వాళ్లంతా ఇప్పుడు బట్టతలలూ బొజ్జలూ వచ్చిన పెద్దమనుషులు. అయినా ఆమె ఎదురుపడితే పొట్ట లోపలికి లాగి "మిసెస్ ట్రాంటర్" అంటారు.

కొలను మెట్ల దగ్గర ఒక పలక ఉంది. అదీ ఆమె చలవే. నలభై ఏళ్ల కిందట వాల్ అని ఒకాయన చీకటితోనే ఒంటరిగా ఈతకు దిగి మునిగిపోయాడు. ఆయన నీళ్లలో ఉన్నాడన్న సంగతి మధ్యాహ్నం దాకా ఎవరికీ తెలీదు. నోలీన్ మర్నాడే బడిలోంచి పాత రాతిపలక ఒకటి తెచ్చి గోడకు మేకులతో దిగగొట్టింది. దిగేవాళ్లు పేరూ టైమూ రాయాలి. పైకొచ్చాక తడిగుడ్డతో తుడవాలి. పేరుందంటే మనిషి నీళ్లలో ఉన్నట్టే. మనిషి కనిపించకపోతే, ఎవరు చూసినా వెంటనే వెతకాలి. తుడవడం మర్చిపోయినవాడికి నెల్లాళ్లు కొలను బంద్. నలభై ఏళ్లలో ఆమె ఆ శిక్ష పదకొండు మందికి వేసింది. అందులో ఒకడు చర్చి ఫాదర్. "దేవుడు క్షమిస్తాడేమో, నేను క్షమించను" అని ఆయన మొహం మీదే చెప్పింది.

అలాంటి నోలీన్ పేరు, పదిహేడు రోజుల కిందట, గురువారం పొద్దున పలక మీద ఉండిపోయింది.

ఐదూ నలభైకి రాసిన పేరు ఏడింటికి కూడా అలాగే ఉంది. కొలనులో మనిషి లేదు. ఆ రోజు అలలు గోడ మీదినుంచి దూకుతున్నాయి. కాసేపట్లో రక్షక దళం పడవలు వచ్చాయి, నెత్తిమీద హెలికాప్టర్ వచ్చింది. ఆ సమయానికి నోలీన్ ఇంట్లో రొట్టె కాల్చుకుని, పైన వెజిమైట్ అనే ఉప్పటి నల్లముద్ద రాసుకుని తింటోంది. హెలికాప్టర్ చప్పుడుకు కిటికీ దగ్గరికి వచ్చి, "ఎవడో పట్నం వెధవ, రక్షక దళం పాతిన జెండాల బయట దిగుంటాడు. వీళ్లకు బుద్ధి రాదు" అని తిట్టుకుంది కూడా. ఆమెకు సెల్‌ఫోన్ లేదు. ఇంటి ఫోన్ మోగితే ఏదో అమ్మేవాళ్లని ఎత్తదు. ఎనిమిదింబావుకు పోలీసు తలుపు తట్టి, ఆమెను చూసి దయ్యాన్ని చూసినట్టు నోరు తెరిచాడు.

"నేను తుడిచాను" అంది నోలీన్. ఆ రోజూ అదే, ఈ రోజూ అదే. తడిగుడ్డ తీసి, పలక మీద తన చెయ్యి అటూ ఇటూ ఆడిన సంగతి ఆమెకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది. కాకపోతే అలాంటి పొద్దులు నలభై ఏళ్లపాటు ఉన్నాయి. ఆ కనిపించేది ఏ పొద్దుదో అని అడగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆమె తనను తాను అడగలేదు.

సర్లే, నెల్లాళ్ల శిక్ష పడింది, పడనీ. పళ్లబిగువున ఓర్చుకుంటుంది. పదమూడు రోజులే మిగిలాయి, ఆ తర్వాత మళ్లీ తన కొలనులో తను ఒక్కతే. ఆ చీకటి వేళ ఒంటరి ఈత ఒక్కటే ఆమె బతుకులో అచ్చంగా ఆమెది. మిగతాదంతా బడి పిల్లలదీ, కూతురిదీ, పారిపోయిన మొగుడిదీ.

షికారు సాగింది. బీచ్‌కు దక్షిణం కొసన ఉన్న కాఫీ కొట్టుకు తీసుకెళ్లింది కెరిన్. ఆ కొట్టు యజమాని స్టావ్రో కాఫీ ముందుపెట్టి, పసిపిల్లను బుజ్జగించినట్టు, "ఇవాళ చక్కగా నేలమీదే ఉన్నావా నోల్? మంచిది, మంచిది" అన్నాడు.

"నిన్నటిదాకా చేప లాగా ఉన్నావన్న నోటితోనేనా ఇది? కాఫీ చల్లారిపోయింది, మార్చు."

పొగలు కక్కుతున్న కాఫీని స్టావ్రో కిక్కురుమనకుండా తీసుకెళ్లి మార్చుకొచ్చాడు.

ఆ తర్వాత పైన్ చెట్ల కింద నడక. ఎదురైన ప్రతివాడూ తల ఒకపక్కకు వాల్చి, "ఎలా ఉన్నావు నోల్?" అంటాడు. ఆ వాల్చడం చూస్తే ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కుతోంది. మామూలుగా అయితే ఈ ఊళ్లో చెయ్యెత్తి, "ఏమ్మా, బానే ఉన్నావా" అని జవాబు కోసం ఆగకుండా పోతారు. ఇప్పుడు ఆగుతున్నారు. ఆగి, చెవిటిదానితో మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడుతున్నారు.

"నేను పోయాననుకుని ఏడవడానికి అందరూ సిద్ధపడ్డారు. పోనందుకు కోపంగా ఉన్నట్టుంది" అంది నోలీన్.

"అలా మాట్లాడకమ్మా. ఐస్‌క్రీమ్ ఏది కావాలి?"

"నాకేం ఐదేళ్లా?"

అయినా మామిడిపండు ఐస్‌క్రీమ్ తింది. దాని మీద ఆమెకు కోపం లేదు. ఎరుపూ పసుపూ జెండాల మధ్య జనం కిటకిటలాడుతున్నారు. ఎండకు కాలకుండా ముక్కులకు తెల్లటి మందు పూసుకున్న పిల్లలు కేరింతలు కొడుతున్నారు. ఇసుకలో తువ్వాలు పరిచి కెరిన్ ఆమెను కూర్చోబెట్టింది, గొడుగు పాతింది, వేయించిన చేపా బంగాళాదుంప ముక్కలూ తెచ్చింది. సీగల్ పక్షులు చుట్టూ చేరి కయ్యిమంటున్నాయి. నోలీన్ మాత్రం ఒక విషయం గమనిస్తోంది. తను ఎప్పుడు ఉత్తరం వైపు తల తిప్పినా, కూతురు ఏదో ఒక వంకతో దక్షిణం వైపు తిప్పుతోంది. పైగా గడియకోసారి చేతి గడియారం చూసుకుంటోంది. హాయిగా షికారు తిరిగేవాళ్లకు గడియారంతో పనేమిటి?

పన్నెండుకు పావుగంట ఉందనగా రోండా ఆ దారినే పరుగులాంటి నడకతో వచ్చింది. ఈతక్లబ్బులో ముప్ఫయ్యేళ్ల నేస్తం. చేతిలో తరిగిన ఉల్లిపాయల డబ్బా ఉంది. నోలీన్‌ను చూడగానే దొంగతనం చేస్తూ దొరికిపోయినదానిలా ఆగిపోయింది.

"ఓ... నోల్! నువ్వు ఇక్కడున్నావా? అదే మంచిది. రాకపోవడమే మంచిది. ఓటు ఎటు పడినా నీమీద కోపంతో కాదు సుమా."

"ఏం ఓటు?"

రోండా కెరిన్ వైపు చూసింది. కెరిన్ గొడుగు సర్దసాగింది.

"ఏం ఓటే రోండా?" నోలీన్ లేచి నిలబడింది. "ఇవాళ నెలలో ఆఖరి ఆదివారం కాదుగా, క్లబ్బు విందు లేదుగా, ఉల్లిపాయలు ఎందుకు? సాసేజీలు ఎందుకు కాలుస్తున్నారు?"

"ప్రత్యేక సమావేశం" అంది రోండా పీలగా. "నువ్వు ఇకమీదట ఒంటరిగా దిగకూడదని... ఎవరైనా తోడుంటేనే అని. ఎప్పటికీ. చెప్పారనుకున్నాను."

అయితే కాఫీ, ఐస్‌క్రీమ్, గొడుగు, ఇదంతా తనను ఆ కొసకు రానివ్వకుండా ఈ కొసన కట్టేయడానికా! కన్నకూతురే!

"నువ్వు నాకు అన్నం పెట్టి మరీ నాటకమాడావు" అంది కెరిన్‌తో, మెల్లగా. ఆ మెల్లగా అనడం చూసి కెరిన్ భయపడింది.

"నువ్వు అక్కడుంటే గొడవ చేస్తావని..."

"చేస్తాను. కళ్లారా చూద్దువుగాని రా."

చెప్పులు అక్కడే వదిలేసి బయల్దేరింది. కాళ్లు కాలే ఇసుక. ఒడ్డున ఎండ కాచుకుంటున్న జనం మధ్యలోంచి, ఎవరి తువ్వాలు తొక్కుతోందో చూసుకోకుండా, నడి బీచ్‌లో ఈ కొసనుంచి ఆ కొసకు పోయింది. వెనకాల కెరిన్ టోపీ ఒక చేత్తో, చేపల పొట్లం ఇంకో చేత్తో పట్టుకుని, "అమ్మా, ఆగు, గుండె..." అంటూ పరుగు.

"నా గుండెకేం రోగం! నీ బుద్ధికి పట్టింది రోగం!"

కొలను పక్కన గడ్డిలో సాసేజీలు చిటపటమంటున్నాయి. పద్నాలుగు మంది తడి ఈతదుస్తుల మీదే చుట్టూ నిలబడి ఉన్నారు. ఒక చివర మెర్వ్ పాస్కో ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. డెబ్బై ఏడేళ్ల రిటైర్డు బస్సు డ్రైవరు. కుడిచెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా కట్టుతో మెడకు వేలాడుతోంది. మొన్న నోలీన్ అది చూసి, ఏమైందంటే నిచ్చెన మీదినుంచి పడ్డానన్నాడు. "ఈ వయసులో నిచ్చెనెక్కావా, బుద్ధిలేనివాడా" అని నలుగురిలో ఎగతాళి చేసింది.

క్లబ్బు ప్రెసిడెంటు ట్రెంట్ చేతిలో కాగితం ఉంది. నోలీన్‌ను చూడగానే పొట్ట లోపలికి లాగాడు.

"మిసెస్ ట్రాంటర్! మీరు... మేము..."

"చదవరా ఆ కాగితం. గట్టిగా చదువు. అయిదేళ్లప్పుడు ముక్కులో నీళ్లుపోయి నా మెడ పట్టుకుని వేలాడావే, ఆ గొంతుతో చదువు."

ట్రెంట్ కాగితం వీపు వెనక్కి పెట్టుకున్నాడు. చదవలేదు. నోలీన్ అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది.

"ఎవరికి వచ్చింది ఈ ఆలోచన? నీకా, గ్రేటా? నీ పిల్లలు ముగ్గురికీ ఈత నేర్పిందెవరు? నీకా, ఇయన్? ఈ గోడకు బీటలు పడితే మునిసిపాలిటీ వాళ్ల పీక మీద కూర్చుని బాగు చేయించిందెవరు? ఈ పలక పెట్టిందెవరు? నా వెనకాల, నా కొలను పక్కన, నా మీద ఓటా? నా కూతురి చేత నన్ను అటు తోలించి? ఎదురుగా చెప్పే దమ్ము ఒక్కడికీ లేదు!"

"మీ మేలు కోరే..." అంది గ్రేటా.

"నా మేలు నాకు తెలీదా? నేను తుడిచాను. నలభై ఏళ్లు తుడిచాను. ఒక్కరోజు ఏదో జరిగిందని ముసలిదాన్ని చేసి మూల కూర్చోబెడతారా? చేతులెత్తండి చూస్తాను. నా మొహం చూస్తూ ఎత్తండి."

ఎవరూ ఎత్తలేదు. ఇయన్ తన పాదాలు చూసుకుంటున్నాడు. "పోనీ, నెల్లాళ్ల శిక్ష చాలేమో" అని ఎవరో గొణిగారు. అవునవునని ఇంకో ఇద్దరు తలలూపారు. ట్రెంట్ కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయాడు. నోలీన్ గెలిచింది. గెలిచానని ఆమెకు తెలిసింది.

అప్పుడు కెరిన్ చేపల పొట్లం నేలకేసి కొట్టింది.

"మెర్వ్ చెయ్యి ఎలా విరిగిందో అడుగమ్మా!"

"కెరిన్, వద్దు" అన్నాడు మెర్వ్.

"అడుగు! మూడో అంతస్తులో అద్దెకుండే మనిషికి నిచ్చెనతో పనేమిటని ఒక్కసారైనా ఆలోచించావా? నీ కోపం తప్ప నీకు ఇంకేం కనిపించలేదు!"

నోలీన్ మెర్వ్ వైపు తిరిగింది.

"ఏమిటిది?"

మెర్వ్ ఎడమచేత్తో గడ్డం గోక్కున్నాడు. "ఏం లేదు నోల్. ఆ గురువారం ముందు వచ్చింది నేనే. పలక మీద నీ పేరుంది. కొలనులో నువ్వు లేవు. అల నిన్ను గోడ అవతలికి లాక్కుపోయిందనుకున్నాను."

"అయితే?"

"అయితే ఏముంది? దూకాను."

"గోడ అవతలికా? ఆ అలల్లోకా?"

"పేరుందంటే మనిషి నీళ్లలో ఉన్నట్టే కదా. నువ్వే చెప్పావు." మెర్వ్ నవ్వబోయాడు. "రెండో అల బండకేసి కొట్టింది. అలల మీద సర్ఫింగ్ చేసే ఆడపిల్లలిద్దరు తమ బోర్డుల మీద పడేసి లాక్కొచ్చారు. మంచి పిల్లలు. ఒకదానికి ముక్కుకు పోగుంది."

"మూడురోజులు ఊపిరితిత్తుల్లో నీళ్లతో ఆసుపత్రిలో ఉన్నాడు. నీకు చెప్పొద్దని అందరిచేతా ఒట్టు వేయించాడు" అంది కెరిన్.

"ఎందుకు?" నోలీన్ గొంతు కీచుమంది. "ఎందుకు చెప్పొద్దన్నావ్?"

"చెబితే నువ్వు ఇంక నీళ్లలో దిగవు" అన్నాడు మెర్వ్. "నాకు తెలీదా నీ సంగతి?"

నోలీన్‌కు ఎవరి మీద అరవాలో తెలియలేదు. పదిహేడు రోజులుగా ఊరి మీద మండుతున్న కోపమంతా తిరిగొచ్చి ఆమె మీదే పడింది. వీళ్లంతా తల ఒకపక్కకు వాల్చింది జాలితో కాదు, నోరు జారకుండా ఉండటానికి. తను మటుకు, ఈ మనిషి నీళ్లు మింగుతుంటే, కిటికీలోంచి పట్నం వెధవని తిట్టుకుంటూ రొట్టె తింది.

"నాకు గుర్తులేదు" అంది.

"ఏమిటమ్మా?"

"తుడిచానో లేదో నాకు గుర్తులేదు! చాలా? నీళ్లలోంచి పైకొచ్చింది గుర్తుంది. తల తిరిగింది. ఆ తర్వాత వంటింట్లో ఉన్నాను. కొండెక్కి ఇంటికెలా పోయానో, రోడ్డు ఎలా దాటానో ఒక్క ముక్క గుర్తులేదు. తుడిచానని అరిస్తే తుడిచినట్టే అవుతుందనుకున్నాను. ఇప్పుడు చేతులెత్తండి, ఎత్తుకోండి!"

కెరిన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరూ చేతులెత్తలేదు. ట్రెంట్‌కు తన చేతిలో కాగితం ఉందన్న సంగతే గుర్తు లేదు.

మెర్వ్ ఇబ్బందిగా కదిలి, ఏదో ఒకటి చెయ్యాలన్నట్టు, ఒళ్లో పెట్టుకున్న రొట్టె ముక్కను ఎడమచేత్తో మడవబోయాడు. లోపలి సాసేజీ జారి గడ్డిలో పడింది. నోలీన్ ఒక్క అంగలో వెళ్లి, పెనం మీదినుంచి ఇంకొకటి తీసి, కొత్త రొట్టెలో పెట్టి, ఉల్లిపాయలు వేసి, మడిచి అతని నోటి ముందు పెట్టింది.

"నోరు తెరువు."

"నేను తింటాలే నోల్..."

"తెరవమన్నానా! బస్సు నడిపినవాడివి, నీకు ఈతే సరిగా రాదు. నేర్పించిన దాన్ని నేను, నాకు తెలీదూ? కుక్క కొట్టుకున్నట్టు కొట్టుకుంటావు. నువ్వు నన్ను కాపాడతావా? చచ్చుంటే ఎవడు మోసేవాడురా నిన్ను?" ఆమె కళ్లవెంట నీళ్లు ధారలు కడుతున్నాయి. తుడుచుకోవడానికి ఆమెకు చేతులు ఖాళీ లేవు. "ఇంకోసారి నాకోసం దూకావంటే నేనే నీ పీక పట్టుకుని ముంచుతాను. వింటున్నావా? దూకనని చెప్పు."

మెర్వ్ తాపీగా నమిలి మింగాడు.

"ఆ పలక మీద నీ పేరుంటే దూకుతాను" అన్నాడు.

"ఒక చెయ్యి లేకుండానా?"

"ఆ."

అతను బెట్టు చేయడం లేదు. రేపు వాన పడుతుందేమో అన్నంత మామూలుగా అన్నాడు.

"అయితే ఆ పలక మీద నా పేరు ఇంకెప్పుడూ ఒంటరిగా ఉండదు. పక్కన ఇంకొకరిది ఉండాల్సిందే, పో" అంది నోలీన్. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు వచ్చిన కోపానికి చేతిలో మిగిలిన రొట్టె నలిగి ముద్దయింది.